చుక్కకూ చుక్కకూ నడుమ

కారు త్వరణాన్ని తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడి తేల్చిన ఊళ్లో నేను ఆరేళ్లు సైన్సు పాఠాలు చెప్పాను. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నమ్మించే ఓపిక నాకూ పోయింది. అయితే ఆ వ్యవహారంలో నేను చేతులారా చేసిన పని ఒకటుంది. ఆ ఊరు దాటాక దాన్ని ఎవరికీ చెప్పలేదు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నాకు ఆదోని హైస్కూలుకు బదిలీ అయింది. ఆ ఊరి పత్తి మండీలో ధర నోటితో చెప్పరని వెళ్లిన వారంలోనే తెలిసింది. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టుకుని, ఒకరి వేళ్లు ఒకరు పట్టి నొక్కుతారు. చుట్టూ వందమంది నిలబడ్డా ఎవరికీ ఏమీ అంతుపట్టదు. బేరం నడుస్తున్నంతసేపూ ఇద్దరి మొహాలూ పంటినొప్పి ఉన్నవాళ్ల మొహాల్లా ఉంటాయి. ఆ ఊళ్లో ఏ వస్తువుకైనా తూకం ఒక ఎత్తు, తూకం అయ్యాక సాగే వాదన ఇంకొక ఎత్తు. తూచగా వచ్చిన అంకెను వాళ్లు మాట మొదలుపెట్టడానికి పనికొచ్చే పలకరింపు కింద తీసుకునేవారు.

ఇక ఇద్దరు శెట్లు. ఆదోని శెట్టికి పత్తి జిన్నింగు మిల్లుండేది. ఎమ్మిగనూరు శెట్టికి నూనె మిల్లూ బట్టల దుకాణమూ ఉండేవి. ఇద్దరూ అక్కాచెల్లెళ్లను చేసుకున్న షడ్డకులు. ఆదోనాయన లావు, ఎమ్మిగనూరాయన సన్నం. ఒకాయన ఇంట్లో ఏ వస్తువు కొన్నా పది రోజుల్లో రెండో ఇంట్లోకి దానికంటే పెద్దది వచ్చేది. గడియారాలతో మొదలైన పోటీ రేడియోలను దాటి కార్ల దాకా వచ్చింది.

ఆదోని శెట్టిది నల్లటి ఇంగ్లీషు కారు. పొడుగు ముక్కు, ముందుకు వంగిన దీపాలు. స్వాతంత్ర్యం వచ్చాక స్వదేశం వెళ్లిపోతూ బళ్లారిలో ఒక దొర అమ్మితే కొన్నాడు. ఆ కారుతో పాటు జాకీ, స్టెప్నీ, డ్రైవరూ వచ్చారని శెట్టి అందరికీ చెప్పేవాడు. డ్రైవరు యాభై దాటిన సాయబు. అసలు ఊరు ఆదోనే. దొర దగ్గర పన్నెండేళ్లు అదే కారు నడిపి, దానితోనే సొంత ఊరు చేరాడు. ఎమ్మిగనూరు శెట్టిది బొంబాయి నుంచి తెప్పించిన కొత్త అమెరికా కారు. ఆకుపచ్చ రంగు, వెనకవైపు రెక్కలు. దాన్ని నిలబెట్టడానికి బట్టల దుకాణం అరుగు పగలగొట్టించాడు.

బంధువుల ఇంట్లో చెవులు కుట్టే వేడుకకు రెండు కుటుంబాలూ బయల్దేరిన రోజున గొడవ పుట్టింది. ఎమ్మిగనూరు రోడ్డు మీద ఆకుపచ్చ కారు నల్ల కారును దాటేసి పోయింది. ఆ దుమ్మంతా ఆదోని శెట్టి మల్లెపువ్వు లాంటి జుబ్బా మీదా, వాళ్లావిడ పట్టుచీర మీదా పడింది. అది కూడా శెట్టి ఓర్చుకునేవాడే. దాటిపోతున్న కారు కిటికీ లోంచి వాళ్లావిడ అక్కగారు చెయ్యి ఊపింది. దాన్ని మాత్రం వాళ్లావిడ మరిచిపోనివ్వలేదు.

మర్నాడు శెట్టి మండీలో నలుగురి ముందూ వాదన లేవదీశాడు. పోయే బండిని దాటడం గొప్ప కాదు, నిలబడ్డ బండి ఎంత బిరీన లేస్తుందనేదే గొప్ప అన్నాడు. పికప్పులో తన కారును మించింది జిల్లాలోనే లేదన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తన బండే వెనకపడిందని రుజువైతే దాన్ని అమ్మేసి ఎద్దులబండిలో తిరుగుతానని పత్తి కూరిన బోరెం మీద కొట్టి ఒట్టు పెట్టుకున్నాడు. మండీలో ఒట్టు పెట్టుకున్నాక వెనక్కి తీసుకుంటే ఆ మనిషితో మళ్లీ ఎవరూ తువ్వాలు కింద చెయ్యి కలపరు.

రుజువు ఎవరు చెయ్యాలి? అప్పటికి నెల కిందట నేను స్కూల్లో వాలు చెక్క మీద గోళీ దొర్లించి త్వరణం అంటే ఏమిటో చూపించాను. పదో తరగతిలో శెట్టి కొడుకున్నాడు. వాడికి త్వరణం అర్థం కాలేదు గానీ నాకు తెలుసన్న సంగతి అర్థమైంది. ఆ సాయంత్రమే శెట్టి మనిషిని పంపాడు. నేను వెళ్లి, వేగం వేరు, వేగం పెరిగే తీరు వేరు అని చెప్పి, దాన్ని సెకనుకు సెకనుకు ఇన్ని అడుగులని కొలుస్తారని వివరించాను. శెట్టి చాలాసేపు ఆలోచించాడు.

“సెకనుకు ఇన్నడుగులని ఒకసారి సెప్పినాక మళ్లీ సెకనుకంటారెందుకు అయివారూ? ఆ రెండో సెకను ఎవురికి?” అన్నాడు.

దలాలీ కింద ఎవరికో పోతోందని ఆయన అనుమానం. ఆ అనుమానం చివరిదాకా పోలేదు.

మర్నాడు పొద్దుగూకే ముందు డ్రైవరు మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప పక్కన నిలబడ్డాడు. ఒట్టు సంగతి ఊరంతా తెలిసిందే గనక ఉపోద్ఘాతం లేకుండా మాట్లాడాడు.

“బండి పోతే నేనూ పోయినట్లే అయివారూ. బస్సులోళ్లను అడిగి సూసినా. ఈ వయసులో వద్దన్నారు. ఇంట్లో ఆరుమంది తినేటోళ్లుండారు.”

అబద్ధం చెప్పమని ఆయన అడగలేదు. కొలత సరిగ్గా జరిగేటట్టు చూడమన్నాడు, అంతే. సరిగ్గా కొలిస్తే తన బండి ఓడదని ఆయన నమ్మకం. నేను ఛాతీ విరుచుకుని, ఆ బాధ్యత నాకు వదిలెయ్, నీ ఉద్యోగానికి నాది పూచీ అన్నాను. ఆయన వెళ్లాక లోపలి నుంచి మా ఆవిడ, “త్వరణమొక్కటేనా, మాట కూడా కొలిచి ఇవ్వాలి,” అంది. ఆవిడకు సైన్సు రాదని ఆ రోజుల్లో నా అభిప్రాయం.

మొదటి ప్రయత్నం స్టాప్‌వాచీతో. మా డ్రిల్లు మాస్టారును బతిమాలి తెచ్చాను. ఎమ్మిగనూరు రోడ్డు మీద ఒక ఫర్లాంగు రాయి నుంచి ఇంకో ఫర్లాంగు రాయి దాకా పరుగు. బయల్దేరే ముందు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. పెట్టకపోతే కదలరు. అసలు పేచీ అక్కడే వచ్చింది. గడియారం నొక్కాల్సింది నిమ్మకాయ చితికినప్పుడని ఒకాయన, తాళం తిప్పినప్పుడని ఒకాయన, నాలుగు కాయల్లో ఏ కాయ చితికినప్పుడని ఇంకొకాయన. అందరి మాటా మన్నించి లెక్క వేస్తే ఆకుపచ్చ కారు బయల్దేరకముందే గమ్యం చేరినట్టు తేలింది. ఎమ్మిగనూరు వాళ్లు దానికి వెంటనే ఒప్పుకున్నారు.

రెండో ప్రయత్నం మేస్త్రీ తూకం గుండుతో. కారు పైకప్పు నుంచి గుండును దారంతో వేలాడదీస్తే, బండి ఎంత జోరుగా లేస్తే గుండు అంత వెనక్కి పోతుంది. ఎంత పోయిందో కోణమాపకంతో చూసుకోవచ్చు. పుస్తకాల్లో ఉన్న పద్ధతే. పుస్తకాల్లో లేనిది, కారు యజమాని వెనక సీట్లో కూర్చుంటానని పట్టుబట్టడం. నల్ల కారు లేచిన మొదటి క్షణంలోనే గుండు వెళ్లి ఆదోని శెట్టి నుదుటికి తగిలింది. నేను భయపడి కారు ఆపించాను. ఆయన బుడిపెను తడుముకుని చాలా సంతోషించాడు. ఆ బుడిపెతోనే మండీకి పోయి, పికప్పంటే ఇదీ అని అందరికీ చూపించాడు. మర్నాడు ఎమ్మిగనూరు శెట్టి తన కారులో అదే గుండు కట్టించుకుని నుదురు ముందుకు పెట్టి కూర్చున్నాడు. సాయంత్రం మండీలో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి బుడిపెలు కొలిచారు. లావాటి మనిషికి చర్మం మెత్తన కాబట్టి ఎక్కువ వాస్తుందని ఒక హకీము అభ్యంతరం చెప్పాడు. నేను ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆ కోపంలోనే మంచి ఉపాయం తట్టింది. ఒక కిరసనాయిలు డబ్బా తీసుకుని అడుగున సన్నటి మేకుతో బెజ్జం వేశాను. ఎమ్మిగనూరు నేతగాళ్ల దగ్గర అద్దకం రంగు తెచ్చి నీళ్లలో కలిపి పోశాను. చుక్క చుక్కా కారుతుంది. స్టాప్‌వాచీతో సరిచూసి, అర సెకనుకు ఒక చుక్క పడేటట్టు బెజ్జాన్ని మైనంతో బిగించాను. డబ్బాను కారు వెనక కట్టి నడిపితే రోడ్డు మీద చుక్కల బారు పడుతుంది. బండి ఒకే వేగంతో పోతే చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం ఒకటే. వేగం పెరిగితే ఎడం పెరుగుతుంది. పెరగాల్సినంత పెరగలేదంటే బండి ఆ చోట వెనకపడినట్టు. గడియారం ఎప్పుడు నొక్కాలన్న పేచీ లేదు, నుదురు పని లేదు. నల్ల కారుకు ఎరుపు రంగు, ఆకుపచ్చ కారుకు నీలం.

పరుగుకు ముందు తూకం సమానం చెయ్యాలని ఎమ్మిగనూరు వాళ్లు లేచారు. లావు శెట్టి కూర్చుంటే నల్ల కారుకే కదా కష్టం అన్నాను. అలాగైతే తర్వాత దాన్ని సాకుగా చెబుతారన్నారు. మాటలో న్యాయముంది. ఇద్దరు శెట్లనూ మిల్లులో బోరేలు తూచే కాటా మీదికి ఎక్కించారు. సన్న శెట్టి పక్కన బస్తాడు వేరుశనక్కాయలు వేస్తేగానీ ముల్లు మధ్యకు రాలేదు. అలవాటు కొద్దీ గుమాస్తా ఆదోని శెట్టి బరువులోంచి తేమ కింద రెండు సేర్లు తరుగు తీసేశాడు. ఆయన బాగా చెమట పట్టి ఉన్నాడు, కాబట్టి ఎవరూ కాదనలేదు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం తెల్లవారాక పరుగులు పెట్టాం. నాలుగు ఫర్లాంగులు తీసుకుని, ఒక్కో ఫర్లాంగులో రెండు కార్లూ ఒక్కోసారి నడిచేటట్టు ఏర్పాటు చేశాను. రెండింటిలోనూ నేను ముందు సీట్లో కూర్చుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. చుక్కలు సరిగ్గా పడుతున్నాయా లేదా అని వెనక అద్దం లోంచి చూస్తూ లెక్కపెట్టడం, దారిలో కుడి పక్క ఏముంది, ఎడమ పక్క ఏముంది అన్నది పొట్టి మాటల్లో గీకడం. ఆకుపచ్చ కారులో సన్న శెట్టి ప్రతి పరుగుకూ కాసిని వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నాడు. దానివల్ల తూకం తగ్గిందని ఆదోని వాళ్లు పొట్టు ఏరి సాక్ష్యంగా దాచారు.

కొలవడానికి ఎమ్మిగనూరు శెట్టి తన దుకాణంలో బట్ట కొలిచే మనిషిని ఇత్తడి గజం బద్దతో పంపాడు. ఆ మనిషి ముప్పయ్యేళ్లుగా బట్ట కొలుస్తున్నాడు. ప్రతి గజానికీ చివర బొటనవేలు అడ్డం పెట్టి, ఆ వేలు వెడల్పు కొసరు కింద వదిలేవాడు. రోడ్డును కూడా అలాగే కొలిచాడు. నీలం చుక్కలకు ధారాళంగా, ఎర్ర చుక్కలకు కాస్త బిగబట్టి. నాకు ఒళ్లు మండి బద్ద లాక్కుని, మోకాళ్ల మీద కూర్చుని నేనే కొలవడం మొదలుపెట్టాను.

అప్పటికి ఉరుకుంద స్వామి గుడికి మొక్కులతో నడిచిపోయే జనం ఆ రోడ్డెక్కారు. రోడ్డు మీద ఎర్రటి చుక్కలు, పోను పోను దూరం దూరంగా. ఒక పంతులు వంగి చుక్క నుంచి చుక్కకు మోకాళ్ల మీద పోతున్నాడు. వాళ్లు చూసిందంతా అది. నేను వద్దు వద్దంటున్నా ప్రతి చుక్క పక్కనా ఒక రాయి పెట్టి, రాయికి పసుపు పూశారు. ఒకామె నా నెత్తిన చెంబెడు నీళ్లు పోసింది. ఒకాయన నా ముందర కొబ్బరికాయ కొట్టి, ఏం మొక్కుకున్నారు స్వామీ అని అడిగాడు. అర సెకనుకు సంబంధించిన మొక్కు అని చెప్పాను. ఆయన దండం పెట్టాడు. నిజానికి వాళ్లు పెట్టిన రాళ్ల వల్ల నాకు మేలే జరిగింది. చుక్కలు ఆరిపోయి దుమ్ములో కలిసిపోయాక కూడా గుర్తులు మిగిలాయి.

వాళ్లలో ఒక ముసలమ్మ చేతికర్ర మీద ఆనుకుని బారునంతా ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది.

“స్వామి మొదట మెల్లగ నడిచినాడు నాయనా. పోను పోను అంగలు పెద్దవి చేసినాడు. ఆయప్పకు యాడికో తొందరుండాది,” అంది.

త్వరణానికి అంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పదో తరగతికి ఏడాదంతా చెప్పినా ఎక్కని విషయం ఆమెకు ఒక్క చూపుతో ఎక్కింది. నీలం చుక్కల సంగతేమిటని అడిగాను. వాటినీ నింపాదిగా చూసి, ఇవి ఎవరో స్వామి వెంటపడినవాళ్లవి, అందుకోలేకపోయారు అంది. నాకు ఆ ఫలితం రావడానికి రెండు రాత్రుల లెక్క పట్టింది.

లెక్కలు చూసుకుంటే తిరకాసు కనిపించింది. నల్ల కారు నాలుగు పరుగుల్లో మొదటి మూడింటిలో చుక్కల ఎడం బాగా పెరుగుతూ పెరుగుతూ, ఒక చోట చప్పున తగ్గి, మళ్లీ పెరిగింది. గేరు మార్చినప్పుడు వచ్చే తగ్గుదల చిన్నది, అది రెండు బండ్లకూ ఉంది. ఇది వేరు. వీటిని కలుపుకుని సరాసరి తీస్తే నల్ల కారుకు నాలుగున్నర అడుగులు వచ్చింది. ఆకుపచ్చ కారుకు నాలుగు ముప్పావు. అంటే నల్ల కారు ఓడింది, డ్రైవరు పని పోయింది. నాలుగో పరుగులో మాత్రం ఏ తగ్గుదలా లేదు. అది ఒక్కటే చూస్తే నిండుగా ఐదు.

మొదటి మూడు చోట్లా ఏం జరిగిందని నోటుపుస్తకం తిరగేశాను. ఒక చోట ఎడమ పక్క గొర్రెల మంద. ఇంకో చోట ఎడమ పక్క ఎద్దులబండి. మూడో చోట ఎడమ పక్క సైకిలు. మూడు చోట్లా డ్రైవరు పెడలు మీంచి కాలు వెనక్కి తీశాడు. కుడి పక్కన గేదెలున్నా మనుషులున్నా తియ్యలేదు. ఆకుపచ్చ కారు చుక్కలు అవే చోట్ల నిక్షేపంగా ఉన్నాయి, కాబట్టి రోడ్డు తప్పూ కాదు. ఇంకేం, నాకు ప్రాణం లేచి వచ్చింది. లోపం బండిది కాదు, నడిపిన తీరుది. బండి అసలు సత్తా నాలుగో పరుగు. ఆ ముక్క దొరికిన సంతోషంలో దాని తర్వాతి ముక్క ఏమిటో ఆలోచించలేదు. తెలివైనవాణ్ణన్న భ్రమ ఉన్నవాడికి అదొక జబ్బు.

మంగళవారం మండీ నిండా జనం. నేను కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి ఇద్దరు దలాలులు అప్పటికే తువ్వాలు కప్పుకుని చేతులు కలిపి కూర్చున్నారు. ఏమిటని అడిగితే త్వరణం బేరం నడుస్తోందన్నారు. షడ్డకులు కదా, ఇద్దరికీ నొప్పి తగలకుండా ఒక అంకె దగ్గర కుదుర్చుకుంటే బాగుంటుందని పెద్దలు అనుకున్నారట. ఆదోని దలాలు ఐదున్నర దగ్గర మొదలుపెట్టాడు. ఎమ్మిగనూరు దలాలు మూడు దగ్గర. నేను చూస్తుండగానే తువ్వాలు రెండుసార్లు కదిలింది, ఒకసారి వణికింది, ఆగిపోయింది. ఇద్దరిదీ నాలుగుంపావుకు కుదిరిందని ప్రకటించారు. అందులో మళ్లీ పావు రెండో సెకను ఖర్చుల కింద తగ్గించారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ క్షణంలో నోరు మూసుకుని ఇంటికి రావాల్సింది. సమానమంటే ఎవరూ ఓడలేదు. కారు అమ్మనక్కరలేదు, డ్రైవరు పని డ్రైవరుకుంటుంది. నేను ఇచ్చిన మాట ఆ దలాలులు తువ్వాలు కింద నిలబెట్టేశారు. కానీ నేను నెత్తిన చెంబెడు నీళ్లు పోయించుకుని కొలిచిన లెక్క అది. దాన్ని వంకాయల బేరం చేస్తారా? ఒళ్లు తెలియని కోపం వచ్చింది. బోరెం మీదికి ఎక్కి కాగితాలు విప్పాను.

నాలుగు బారులూ చూపించాను. మూడు చోట్లా తగ్గుదల ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో చెప్పాను. ఎడమ పక్క ఏదైనా ఉన్నప్పుడే డ్రైవరు కాలు తీశాడని, బండి దోషం రవ్వంత కూడా లేదని, నాలుగోసారి రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి బండి నిజరూపం బయటపడిందని, అది ఐదని చదివాను. ఆదోని వాళ్లు ఈలలు వేశారు. ఆదోని శెట్టి నన్ను కౌగిలించుకున్నాడు. జనం వెనక డ్రైవరు నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూసి, చూశావా అన్నట్టు తల ఊపాను. ఆయన నన్ను చూడటం లేదు. తల కొద్దిగా ఎడమకు తిప్పి నేల చూస్తున్నాడు.

ఓడిన ఎమ్మిగనూరు శెట్టి ఒక్కడే కాగితాన్ని శ్రద్ధగా చదివాడు.

“అన్నీ ఎడమ పక్కనేనా అయివారూ? కుడి పక్క ఒక్కటి కూడా లేదా?” అన్నాడు.

లేదన్నాను. ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి వచ్చాక నాకు విషయం అర్థమైంది. మండీలో అందరికీ అదే సమయానికి అర్థమైనట్టుంది. ఆదోని శెట్టి నన్ను వదిలేసి జనం లోంచి మెల్లగా నడుచుకుంటూ డ్రైవరు దగ్గరకు పోయాడు. భుజం మీది తువ్వాలు తీసి తన చేత్తోనే ఆయన కుడి కంటికి అడ్డం పెట్టాడు. రెండో చెయ్యి ఎత్తి వేళ్లు చూపించాడు.

“ఎన్ని?” అని అడిగాడు.

డ్రైవరు ఆ గొంతు వైపు తల తిప్పాడు.

“మీరెన్నంటే అన్ని సావుకారూ,” అన్నాడు.

శెట్టి చెడ్డవాడని చెప్పడానికి లేదు. కేకలు వెయ్యలేదు. తువ్వాలు దించి, పక్కనున్న బోరెం మీద కూలబడ్డాడు. “నా మనవరాళ్లను దినామూ ఇస్కూలుకు తీసుకపోయేది నువ్వే గదప్పా,” అన్నాడు. డ్రైవరు జేబులోంచి తాళం తీసి శెట్టి ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు. కారు గెలిచింది. ఆ సాయంత్రం దానికి పూలమాల వేసి ఊరేగించారు. నడపడానికి ఎమ్మిగనూరు శెట్టే తన డ్రైవర్ని పంపాడు.

వారం రోజులు నాకు అన్నం సహించలేదు. ఎనిమిదో రోజు శెట్టి ఇంటికి పోయి, ఆ లెక్కలో తప్పు దొర్లిందన్నాను. బెజ్జంలో మైనం కరిగి చుక్కలు అడ్డదిడ్డంగా పడ్డాయని, గాలి వీచిందని, మూడు చోట్ల తగ్గుదలకు డ్రైవరు కంటితో సంబంధం లేదని నోటికొచ్చినట్టు చెప్పాను. సైన్సు పేరు చెప్పి అబద్ధమాడటం అదే మొదలు. శెట్టి ఓపిగ్గా విని, మజ్జిగ ఇప్పించి, “అబద్ధాలు ఇనీ ఇనీ ముసలోణ్ణయినా అయివారూ. మీకు సేతకాదు, వదిలేయండి,” అన్నాడు.

అక్కడి నుంచి డ్రైవరు ఇంటికి పోయాను. కొండ కింద బండలు పరిచిన సందులో ఇల్లు. నన్ను చూసి లేచి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. వాళ్లావిడ టీ ఇచ్చింది. ఎడమ కంట్లో చూపు తగ్గి నాలుగేళ్లయిందని తనే చెప్పాడు. చెవుల మీద నడుపుతున్నాడట. ఎడమ పక్క చప్పుడైతే కాలు తీసి, తల తిప్పి చూసుకుని, మళ్లీ తొక్కేవాడు. నేను క్షమాపణ చెప్పబోతే ఆపి, ఆ కాగితం తెచ్చినారా అని అడిగాడు. జేబులోంచి తీసి బండ మీద పరిచాను.

చదువు రాకపోయినా చుక్కల బారును ఇట్టే అర్థం చేసుకున్నాడు. ఎడం తగ్గిన చోట వేలు పెట్టి, “ఇది గొర్లు. గంటలు ఇనబడె,” అన్నాడు. రెండో దాని మీద పెట్టి, “ఇది ఎద్దులబండి. గజ్జెలుండె.” మూడోది సైకిలు, ఆయప్ప బెల్లు కొట్టినాడన్నాడు. మూడూ సరిపోయాయి. తర్వాత నాలుగో బారు మీద వేలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాడు. ఆయన మొహంలో కాస్త వెలుగు వచ్చింది.

“ఇది బాగ పోయిండాదే. ఈడ ఎవురూ లేరు గదా అయివారూ?”

లేరని మండీలో వందమంది ముందు చెప్పింది నేనే. తగ్గుదల లేదు కాబట్టి రోడ్డు ఖాళీ అనుకున్నాను. ఆ పేజీ తిప్పి చూడలేదు. ఇప్పుడు నోటుపుస్తకం తీసి చూశాను. నా దస్తూరీనే. ఎడమ పక్క, గడ్డిమోపు ఎత్తుకున్న ఆడమనిషి, మూరెడు దూరం అని రాసి ఉంది. ఆమె చేతికి గంటలూ గజ్జెలూ ఏముంటాయి?

నాకు అబద్ధం చేతకాదని అప్పటికే తేలిపోయింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఎంత దూరమో మళ్లీ చెప్పమన్నాడు. నేను మోచెయ్యి బండకు ఆనించి వేళ్లు చాచి చూపించాను. ఆయన తల తిప్పి, మంచి కంటితో నా చేతిని ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

“ఆ యమ్మ యట్లుండాది? పడిపోయిందా? ఎనక్కి సూసినారు గదా మీరు?” అన్నాడు.

నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. అయితే చూసింది చుక్కల్ని. ఆ సంగతే ఆయనకు చెప్పాను.